దఫ్తర్ నుంచి సర్వర్ దాకా: మా పేర్ల చరిత్ర

తహశీల్దారు కచేరీకి వెళ్ళి, దరఖాస్తు దాఖలు చేసి, రసీదు తీసుకుని, అది మంజూరయిందో రద్దయిందో తెలిసేదాకా హాజరవుతూ ఉండాలి. ఈ వాక్యంలో తెలుగు మాటలు ఏరండి చూద్దాం. క్రియల చివర్లు తప్ప మిగిలేది బహు తక్కువ. జిల్లా, తాలూకా, జమాబందీ, వసూలు, బకాయి, అసలు, నకలు, తారీఖు, వారసుడు, చివరికి హక్కు కూడా అరబ్బీ ఫార్సీల నుంచి వచ్చి తెలుగు నాలుక మీద ఇల్లు కట్టుకున్నవే. 1985లో మండలాలు పెట్టినప్పుడు తహశీల్దారును తీసేసి మండల రెవెన్యూ అధికారిని కూర్చోబెట్టారు. జనం నోట్లో ఎమ్మార్వో అయ్యాడు. కొన్నేళ్ళకు మళ్ళీ తహశీల్దారునే పిలుచుకొచ్చారు. ఈ మాటల్ని పరాయివని ఎవరూ వెలివేయలేదు. ఆ మాటలు తెచ్చిన వాళ్ళ పేర్లు మాత్రం అదే కచేరీలో ఎన్నడూ సరిగ్గా నమోదు కాలేదు.

ఈ ముక్క అనగానే కొందరు మిత్రులు నవ్వుతారు. ‘పేరు తప్పుపడటం కూడా ఒక అణచివేతేనా? మా పేర్లూ తప్పుగానే రాశారు’ అంటారు. రాశారు, కాదనం. కానీ తప్పుగా రాసిన పేరు ఎవరికి అచ్చుతప్పుగా మిగిలిపోతుంది, ఎవరికి మెడకు చుట్టుకుంటుంది అన్నదే మా ప్రశ్న. గుడ్డలో కట్టిన దఫ్తర్ల కాలం నుంచి ఫోనులో సర్టిఫికెట్ దిగే కాలం దాకా మేము మోసుకొచ్చిన ప్రశ్న అది.

ముందుగా ఒక భ్రమను మేమే తొలగించుకోవాలి. ‘నిజాం కాలంలో అంతా ఉర్దూ, అంతా మీదే’ అని మెజారిటీ వాళ్ళూ అంటారు, మాలో కొందరు పెద్దలూ మీసం దువ్వుకుంటూ అంటారు. హైదరాబాద్ రాజ్యంలో పాలనా యంత్రాంగాన్ని కాగితాల మీద నిలబెట్టింది 1853లో దివాన్ అయిన మొదటి సాలార్ జంగ్. 1865లో జిలాబందీ చేసి జిల్లాలు, తాలూకాలు ఏర్పరిచాడు. ఆనాటి రాతకోతలు ఫార్సీలో. ఆయన 1883లో చనిపోయాక, 1880ల మధ్యలో ఫార్సీ స్థానంలోకి ఉర్దూ వచ్చింది. తర్వాత భూముల సర్వే, సేత్వార్, పహాణీ. ఊరి స్థాయిలో మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ. ఈ పట్వారీ ఎవరు? ఎక్కువ చోట్ల వంశపారంపర్యంగా వచ్చిన బ్రాహ్మడు. పైన ఉర్దూ ఉన్నంత మాత్రాన కింద ఊళ్ళో టాంగా తోలే సాయిబుకి, దూదేకే వాడికి, గాజులమ్మే వాడికి, ఫకీరుకి ఒరిగిందేమిటి? వాళ్ళకు ఉర్దూ చదవడమే రాదు. కోర్టు ముంగిట నిలబడ్డ తెలుగు రైతుకి సమన్లు ఎంత అర్థమయ్యాయో వాళ్ళకూ అంతే అర్థమయ్యాయి. నవాబు పేరు ఏడెనిమిది బిరుదులతో మొహరు మీద పడింది. మా ముత్తాత పేరు ‘ఫలానా సాయిబు’ అని పట్వారీకి గుర్తున్నంత వరకే పడింది. భూమి లేనివాడి పేరు రాసే పుస్తకమే ఆ రోజుల్లో లేదు. కౌలుకు చేసినవాడు, దర్గా కింద ఇనాం అనుభవించినవాడు, ఎవడో ఒకడి పట్టా నీడన బతికినవాడే.

కోస్తా, సీమల్లో సంగతి వేరు, ఫలితం ఒకటే. అక్కడ కచేరీ ఇంగ్లీషు వాడిది, ఊళ్ళో కలం కరణానిది. సెటిల్మెంటు రిజిస్టరును డైగ్లాట్ అంటారు. అందులో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు. మునసబు దగ్గర జనన మరణాల పుస్తకం. కరణానికి పేరుకు ముందు ఇంటిపేరు కావాలి. మా వాళ్ళకు ఇంటిపేరు ఎక్కడిది? ‘షేక్’ అన్నది ఇంటిపేరు కాదని, సయ్యద్, పఠాన్ అన్నవి వంశాలో, తెగలో చెప్పే మాటలని కరణానికి చెప్పేదెవరు? ఇంటిపేరు గడిలో ‘షేక్’ పడింది. అలా ఒక ఊళ్ళో నూరు కుటుంబాలకు ఒకే ఇంటిపేరు. మరికొందరు తెలుగు వాళ్ళ ఇంటిపేర్లే పెట్టుకున్నారు. దూదేకుల వాళ్ళకయితే పేర్లు కూడా సగం తెలుగే. వీరబ్రహ్మం శిష్యుడు సిద్దయ్య దూదేకుల వాడని ఎంతమందికి గుర్తుంటుంది? మస్తానమ్మ, హుస్సేనమ్మ, నాగూరు, లాలు సాయిబు – ఈ పేర్లలో ఏది మతం, ఏది ఊరి మర్యాద అని విడదీయడం మా వల్ల కాదు. అది మా సంస్కృతి. రిజిస్టరు దృష్టిలో మాత్రం అది గజిబిజి.

1948 సెప్టెంబరు వచ్చింది. పోలీసు చర్య అన్నారు. ఆ దినాల్లోనూ ఆ తర్వాతా చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీయే రాసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. ఇరవై ఏడుకీ నలభైకీ మధ్య పదమూడు వేల తేడా ఉంది చూశారా? ఆ పదమూడు వేలమంది ఉన్నారో లేరో, పోయారో బతికారో చెప్పే చావుల రిజిస్టరు ఒక్కటి లేదన్న మాట. తెలంగాణ చరిత్రను సాయుధ పోరాటంతో మొదలుపెట్టి విలీనంతో ముగించే పుస్తకాలు ఎన్ని వచ్చినా, ఈ ఖాళీ గడిని పూరించే పని ఎవరూ నెత్తిన వేసుకోలేదు.

ఆ మార్పుతో దఫ్తరులో ఉర్దూ వెనక్కి పోయింది, ఇంగ్లీషు ముందుకొచ్చింది. 1966 అధికార భాషా చట్టంతో తెలుగు వచ్చింది. తెలుగు రావడాన్ని మేము ఎందుకు తప్పు పడతాం? అది మా భాష కూడా. జరిగిందేమిటంటే, ఉర్దూ చదివి గుమాస్తా అయిన తరం ఆగిపోయింది. వాళ్ళు రాసిపెట్టిన కాగితాలు మాత్రం రికార్డు గదుల్లో ఉండిపోయాయి. 1954-55లో రాసిన ఖాస్రా పహాణీ ఈ రోజుకీ తెలంగాణలో భూమి తగాదాలకు పెద్దదిక్కు. అలాంటి పాత కాగితాల్లో చాలా భాగం ఉర్దూలో ఉన్నాయి. వాటిని చదివి పెట్టమని తెలుగు రైతులు మా మౌల్వీ సాబుల ఇళ్ళ చుట్టూ తిరగడం మేము చిన్నప్పుడు చూశాం. తన పేర ఒక గుంట భూమి లేని మౌల్వీ సాబు, ఊరందరి పట్టాలు చదివిపెట్టేవాడు. చాయ్ తాగి వెళ్ళేవాళ్ళు.

కరణాలు, పటేల్ పట్వారీలు 1984లో పోయారు. ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఒక్క కలంపోటుతో వంశపారంపర్య గ్రామాధికారాన్ని రద్దు చేసింది. వెనుకబడిన కులాలతో పాటు మేమూ సంతోషించాం. ఆయన చేసిన పనుల్లో ఇంత లోతుగా పోయింది మరొకటి లేదని ఇప్పటికీ మా అభిప్రాయం. కానీ కరణం పోతూ పోతూ తన జ్ఞాపకాన్ని కూడా పట్టుకుపోయాడు. ఫలానా మాబూబీ అంటే చెరువు కట్ట పక్కన ఉండే ఖాసిం సాయిబు పెళ్ళామని అతనికి తెలుసు. పుస్తకంలో ఏమి రాసివున్నా తలలో ఇంకో పుస్తకం ఉండేది. ఆ రెండో పుస్తకంతో అతను జనాన్ని ఏడిపించాడు కూడా. లంచం, దబాయింపు, వెట్టి అన్నీ దానితోనే నడిచాయి. అయినా మనిషిని మనిషిగా పోల్చుకోగల పుస్తకం అది. ఆ తర్వాత వచ్చిన ఏ యంత్రానికీ ఆ పని చేతకాలేదు.

యంత్రం 1998లో వచ్చింది. స్మార్ట్ పాలన, ప్రపంచబ్యాంకు, విజన్ 2020 అన్న మాటలు ఊరేగుతున్న రోజులు. ఆ నవంబరులో రిజిస్ట్రేషన్ శాఖలో ‘కార్డ్’ పేరుతో 214 ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టారు. అంతకు ముందు దస్తావేజును గుమాస్తా చేత్తో పెద్ద పుస్తకంలోకి నకలు రాసేవాడు. ఈసీ కావాలంటే పదిహేనేళ్ళ పుస్తకాలు తిరగేయాలి, తిరగేసినందుకు చెయ్యి తడపాలి. కంప్యూటర్ వచ్చాక ఈసీ నిమిషాల్లో చేతికొచ్చింది. 1999లో జంటనగరాల్లో ‘ట్విన్స్’, 2001లో దానికే ‘ఈ-సేవ’ అని పేరు. కరెంటు బిల్లు, నీళ్ళ బిల్లు, జనన ధృవపత్రం ఒకే కిటికీ దగ్గర. 2011 నవంబరులో ‘మీసేవ’. అందులో అధికారి పచ్చ సిరా సంతకానికి బదులు డిజిటల్ సంతకం.

నిజం చెప్పుకోవాలి. మాకు దీనివల్ల మేలు జరిగింది. కచేరీ వరండాలో ‘ఏయ్ సాయిబూ, రేపు రా’ అనిపించుకోవడం తగ్గింది. బురఖా వేసుకున్న ఆడమనిషి గుమాస్తా బల్ల ముందు గంటలు నిలబడే అవసరం తగ్గింది. గల్లీ గల్లీలో మీసేవ, జిరాక్స్ సెంటర్లు పెట్టుకుని మా పిల్లలు వందలమంది అన్నం తింటున్నారు. దరఖాస్తుకి నెంబరొచ్చింది. నెంబరుంటే అడగొచ్చు, అడిగినట్టు రుజువుంటుంది. ఇవన్నీ కాదని కంప్యూటర్‌ని తిట్టేవాళ్ళతో మేము లేము.

అయితే యంత్రానికి ఒక జబ్బుంది. దానికి అక్షరం తప్ప మనిషి కనబడడు. అది చదివే అక్షరం ఎక్కువగా ఇంగ్లీషుది. ఉర్దూలో మూడక్షరాల ‘షేఖ్’ ఇంగ్లీషులోకి పోయేసరికి ఎన్ని రూపాలు! మధ్యలో ‘ఏఐ’ పెడతాడొకడు, ‘ఈఐ’ పెడతాడొకడు, చివర హెచ్ తగిలిస్తాడొకడు, ‘ఎస్.కె.’ అని తేల్చేస్తాడొకడు. మొహమ్మద్‌కయితే ‘ఎం.డి.’ నుంచి మొదలుపెట్టి పది రకాలకు తక్కువ లేవు. మహబూబ్ బీ అన్న పేరునే తీసుకోండి. బడి రిజిస్టరులో పంతులుగారు ‘మాబుబి’ అని రాశారు. ఖాజీ సాబు నికానామాలో ఉర్దూలో సరిగ్గా రాశాడు, కానీ ఉర్దూ చదివేవాడు కౌంటరులో లేడు. రేషన్ కార్డులో ‘షేక్ మహబూబి’. ఓటరు జాబితాలో ‘మెహబూబ్ బేగం’, ఎందుకంటే పెళ్ళయినవాళ్ళంతా బేగమ్‌లే అనుకున్నాడు ఎన్యూమరేటరు. ఆధార్‌లో తిరగబడి ‘బీ మహబూబ్’. ఒక ఆడమనిషి అయిదుగురైంది. పుట్టినతేదీ సంగతి చెప్పక్కర్లేదు, మా పాతతరం సగంమంది జూలై ఒకటిన పుట్టారు.

కరణం దగ్గర ఈ అయిదుగురూ ఒక్కరే. మీసేవలో అయిదుగురూ అయిదుగురే. పైగా ఉర్దూకి ఇంకో చిక్కు కూడా ఉంది. నస్తలీఖ్ లిపి అచ్చు అచ్చుల్లో ఇమడదు. అక్షరం మీద అక్షరం వాలుతుంది. అందుకే దాన్ని రాళ్ళ మీదా కాగితం మీదా కాతిబులు చేత్తోనే రాస్తూ వచ్చారు. 1990లలో ఇన్‌పేజ్ లాంటివి వచ్చేదాకా చాలా ఉర్దూ పత్రికలకు కూడా కంప్యూటర్ పరాయిదే. ప్రభుత్వ ఫారం తయారు చేసినప్పుడు ఉర్దూ గుర్తుకే రాలేదు. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూను రెండో అధికార భాషగా చట్టం చేశారు. సంతోషం. కానీ షాదీ ముబారక్ సొమ్ముకి దరఖాస్తు పెట్టే తల్లి, ఉర్దూ నికానామాను తర్జుమా చేయించుకుని రావలసిందే. 2014 అక్టోబరులో 51 వేల రూపాయలతో మొదలై 2018లో 1,00,116 అయిన పథకం అది. ఆడపిల్ల పెళ్ళికి ప్రభుత్వం ఇంత ఇవ్వడం చిన్న విషయం కాదు. పిల్ల పేరు, తల్లి పేరు, బ్యాంకు పాస్‌బుక్ పేరు మూడూ కలవక పెళ్ళయి బిడ్డ పుట్టాక డబ్బు అందిన ఇళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నాయి.

పేరు స్పెల్లింగుకి చట్టంలో కూడా బరువు వచ్చి పడింది. 2007లో ముస్లింలలోని 14 వెనుకబడిన సమూహాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, గారడీ వాళ్ళు, హజాములు, ఖురేషీలు, సిద్దీలు, తురక కాశలు, షేక్‌లు – వీళ్ళంతా ఒక ప్రభుత్వ జాబితాలో పేరుపేరునా కనబడటం మా చరిత్రలో అదే మొదలు. ముస్లింలంటే ఒకే ముద్ద అనుకునే వాళ్ళకు అది చెంపపెట్టు. బయటివాళ్ళకే కాదు, మాలోని ఖాన్‌దానీలకు కూడా. అయితే అదే జాబితా సయ్యద్, మొఘల్, పఠాన్ వగైరాలను మినహాయించింది. సయ్యద్ అన్న మాటకే మూడు నాలుగు స్పెల్లింగులు పక్కపక్కన రాసింది. న్యాయమే. కానీ ఊళ్ళో పేరు ముందు ‘సయ్యద్’ తగిలించుకున్న ప్రతివాడూ సయ్యదేనా? మర్యాదకు తగిలించుకున్నవాళ్ళున్నారు, పంతులుగారు తగిలించినవాళ్ళున్నారు. పాత తహశీల్దారు ఊళ్ళో విచారించి, పంచులను అడిగి రాసేవాడు. ఇప్పుడు విచారణ చట్టంలో ఉంది, తెర మీద మాత్రం ఎంచుకోవాల్సిన వరస ఒకటి జారి కిందికి వస్తుంది. అందులో ఏది నొక్కితే నువ్వు అదే. దూదేకుల, నూర్‌బాషా, లద్దాఫ్, పింజారీ వాళ్ళది బీసీ-బి. మా ఇళ్ళలో తల్లి ఒక జాబితా, తండ్రి ఒక జాబితా అయిన సంబంధాలు ఎన్నో.

ఇక వేలిముద్ర సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2005లోనే కంటిపాపను ఫోటో తీసి రేషన్ కార్డులిచ్చారు. 2010లో ఆధార్ వచ్చింది, 2015 నుంచి చౌకధరల దుకాణాల్లో వేలు పెట్టే మిషన్లు. నిజామాబాద్, కరీంనగర్‌ల వైపు బీడీలు చుట్టే మా ఆడవాళ్ళు, వాళ్ళ పక్కనే చుట్టే పద్మశాలి ఆడవాళ్ళు, వేలు పెడితే మిషన్ పలకదు. ‘అమ్మా, నీ వేళ్ళు అరిగిపోయినయ్, రేపు రా’ అంటాడు డీలరు. నలభై ఏళ్ళు ఆకు కత్తిరించి, దారం చుట్టి అరిగిన వేళ్ళవి. శ్రమ చేసినందుకే చేతులు మనిషిని గుర్తుపట్టడం మానేశాయి. ఇక్కడ ముస్లిం, హిందువు తేడా లేదు. ఈ ఒక్క చోట మాత్రం మేము మైనారిటీ కాము.

తెలంగాణలో 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. బొంబాయి, దుబాయిల నుంచి కూడా మా వాళ్ళు సెలవు పెట్టుకుని ఊళ్ళకు పరిగెత్తుకొచ్చారు, లెక్కలో లేకపోతే ఎక్కడా ఉండమేమోనన్న భయంతో. తర్వాత ‘సమగ్ర వేదిక’ అనే సాఫ్ట్‌వేర్ పుట్టింది. కారు రిజిస్ట్రేషన్, కరెంటు మీటరు, ఆస్తి పన్ను, రేషన్ – ఇలా పలు శాఖల జాబితాలను అది ఒకచోట పోసి, ఈ పేరు ఆ పేరు ఒక్కరివేనా అని అంచనా కడుతుంది. అంచనా మాత్రమే, ఇల్లు తొక్కి చూడదు. ఒకే ఇంటిపేరుతో నూరు కుటుంబాలున్న సమాజంలో ఈ అంచనా ఎక్కడ తప్పుతుందో మీరే ఊహించండి. రిక్షా తొక్కిన సయ్యద్‌కి ఎవరో వేరే సయ్యద్ కారు అంటగట్టి, అతని కుటుంబం రేషన్ కార్డు ఎత్తేసిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. కరణం ఒకే మహబూబ్ బీ అన్నచోట మీసేవ అయిదుగురిని చేసింది. సమగ్ర వేదిక ఇద్దరు సయ్యదులను ఒక్కడిని చేసింది. రెండు విధాలా నష్టం మాకే. 2014 తర్వాత దాదాపు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. ఈ రద్దులను ఇల్లిల్లూ తిరిగి మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు చెప్పవలసి వచ్చింది. ఆ 19 లక్షల్లో అన్ని కులాల పేదలూ ఉన్నారు.

ఓటు కూడా ఇదే దారిన పోయింది. 2015లో ఓటరు జాబితాకి ఆధార్‌ను ముడిపెట్టే పని మొదలయింది. ఆ ఆగస్టులో సుప్రీం కోర్టు ఉత్తర్వుతో ఆగింది. 2018 డిసెంబరు 7న తెలంగాణలో పోలింగు కేంద్రాలకు వెళ్ళినవాళ్ళలో ఎంతోమంది తమ పేర్లు లేవని తెలుసుకుని వెనక్కి వచ్చారు. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. క్షమాపణతో ఆ ఓటు పడదు కదా. 2020 జనవరి మున్సిపల్ ఎన్నికల్లో కొంపల్లిలో పది పోలింగు కేంద్రాల్లో ముఖాన్ని గుర్తుపట్టే యాప్‌ను ప్రయోగించి చూశారు. ముఖం కప్పుకునే ఆడవాళ్ళున్న సమాజంతో ఎవరైనా ముందు ఒకమాట మాట్లాడారా? మాకు తెలిసి లేదు.

2019 డిసెంబరు నుంచి మూడు నెలలు మా గల్లీలు ఎలా గడిచాయో కొత్తగా చెప్పనక్కర్లేదు. అంతకు ముందు ఆగస్టులో అస్సాం పౌర పట్టికలో 19 లక్షల పైచిలుకు మంది పేర్లు లేకుండా పోయాయి. ఇక్కడి రేషన్ కార్డుల అంకెతో కలవడం యాదృచ్ఛికమే, అయినా చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. అక్కడ తాత పేరులో ఒక అక్షరం మారినందుకు మనిషి విదేశీయుడైన కథలు విన్నాక, పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక, హైదరాబాద్‌లో జనన ధృవపత్రాల కోసం మా వాళ్ళు బారులు కట్టారు. అరవై ఏళ్ళవాడు తన పుట్టుకకు సాక్ష్యం వెతుక్కున్నాడు. ట్రంకు పెట్టెల్లోంచి నికానామాలు, మెట్రిక్ సర్టిఫికెట్లు, తాతల కౌలు కాగితాలు బయటికొచ్చాయి. జిరాక్స్ సెంటరు కుర్రాడు రాత్రి పదకొండు దాకా లామినేషన్ చేశాడు. అప్పటిదాకా ‘స్పెల్లింగుదేముంది’ అన్న మా చదువుకున్నవాళ్ళు కూడా ఆ వరసల్లో నిలబడ్డారు.

భూమి సంగతి మాకు కొంచెమే ఉంది కనుక కొంచెమే చెబుతాం. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి. ధరణిలో పట్టాదారు పేరు ఉంది, అనుభవదారు గడి లేదు. పాత పహాణీలో కాస్తు చేసేవాడికి ఒక గడి ఉండేది. కౌలుదార్లుగా బతికిన మా తాతలు కనబడింది ఆ ఒక్క గడిలోనే. వక్ఫ్ భూములను నిషేధిత జాబితాలో పెట్టమని మేమే అడిగాం, అమ్ముకుతినేవాళ్ళను చూసి. పెట్టారు. అదే తాళం బోడుప్పల్‌లో అన్ని మతాల సామాన్యుల ఇళ్ళకు కూడా పడి, వాళ్ళు రోడ్డెక్కి, ఆ కోపం మా మీదికి తిరిగింది. 2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్ తెరిచి వక్ఫ్ ఆస్తులన్నీ ఎక్కించమని ఆరు నెలల గడువు పెట్టింది. ఊరి చివర నాలుగు సమాధులు, ఒక ఆషుర్‌ఖానా, దాని ముతవల్లీకి స్మార్ట్ ఫోను లేదు. ఉన్న కాగితం ఉర్దూలో ఉంది. పీర్లను ఎత్తుకునే ఊరంతా ఆ ఆస్తికి సాక్షి. వాళ్ళలో ఎక్కువమంది హిందువులే. ఆ ఊరి సాక్ష్యాన్ని ఏ బటన్ నొక్కి అప్‌లోడ్ చేయాలి?

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. అంతకు కొంచెం ముందే, యాభై ఇళ్ళకొకరన్న లెక్కన వాలంటీర్లను పెట్టారు. ఆ వ్యవస్థ మీద రాజకీయ విమర్శలు చాలా ఉన్నాయి, అందులో నిజమూ ఉంది. జనం సమాచారమంతా ఒక ఫోనులో పెట్టుకుని తిరిగే మనిషి ప్రమాదకరమే. కానీ వేలు పలకని ముసలామె ఇంటికి పింఛను పట్టుకుని వచ్చిన మనిషి కూడా అతనే. కరణం తలలోని రెండో పుస్తకం, కరణం దౌర్జన్యం లేకుండా, కొన్నాళ్ళపాటు గుమ్మం దాకా నడిచి వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక వాళ్ళను కొనసాగించలేదు. 2025 జనవరిలో వాట్సాప్‌లోనే 161 సేవలంటూ ‘మన మిత్ర’ వచ్చింది. ఫోనున్న మనవడు ఇంట్లో ఉంటే మిత్రమే. మనవడు గల్ఫ్‌లో ఉంటే?

లెక్క ఎప్పుడూ మాకు వ్యతిరేకమేనని అనలేం. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం కులసర్వే మొదలుపెట్టింది. 2025 ఫిబ్రవరిలో ఫలితాలు చెప్పింది. రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతం. అందులో బీసీ ముస్లింలు 10.08, ఓసీ ముస్లింలు 2.48. అంటే అయిదుగురిలో నలుగురు వెనుకబడిన వాళ్ళే. ‘తురకల్లో కులమేమిటి’ అని బయటివాళ్ళూ, ‘ఇస్లాంలో కులం లేదు’ అని లోపలివాళ్ళూ కలిసి మూసిపెట్టిన విషయాన్ని కంప్యూటర్లు, సర్వర్లే బయటపెట్టాయి. ఆ వెంటనే, బీసీల లెక్కలో ముస్లింలను ఎందుకు కలిపారన్న గొడవ లేచింది. హజాము క్షవరం చేస్తే బీసీ, అతని పేరు అబ్దుల్ అయితే మాత్రం కాదట! తదుపరి జనగణనలోనూ కులం అడుగుతామని కేంద్రం 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఆ ఎన్యూమరేటరు మా గుమ్మం ముందుకొచ్చి తెర మీద వరస చూపిస్తే ఏం చెప్పాలో మేము ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోవాలి. దూదేకుల వాళ్ళు దూదేకులే అని, ఫకీర్లు ఫకీర్లే అని చెప్పాలి. పెద్దరికానికి పోయి సయ్యదులమని చెప్పుకోకూడదు.

మాలో ఒకరి నానీమా పేరు దిద్దించడానికి మేము నలుగురం వెళ్ళాం. ఏ ఊరు, ఏ ఆఫీసు అన్నది వదిలేయండి. ఆధార్‌లో తిరగేసి పడ్డ పేరును సరిచేయాలంటే రుజువు కావాలి. రుజువుగా చూపాల్సిన రేషన్ కార్డులో పేరు మారాలంటే ఆధార్ సరిగ్గా ఉండాలి. బడి ముఖం చూడని మనిషికి బడి సర్టిఫికెట్ అడిగారు. నికానామా చూపించాం. ఆపరేటరు కుర్రాడు దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. మంచివాడే, తెలియదు అంతే. ‘ఇందులో అమ్మ పేరెక్కడుంది?’ అనడిగాడు. నానీమా కళ్ళజోడు సవరించుకుని, చదువు రాకపోయినా, డెబ్బై ఏళ్ళుగా దాచుకున్న కాగితంలో తన పేరున్న చోట సరిగ్గా వేలు పెట్టి చూపించింది. అతను నోటరీ తర్జుమా జతచేయమన్నాడు. మూడు వందలు పెట్టి చేయించి ఇచ్చాం. నెంబరు ఇచ్చారు. నెలకొకసారి ఆ నెంబరు కొట్టి చూస్తున్నాం. దరఖాస్తు పరిశీలనలో ఉందని వస్తోంది.